కాయ కొట్టిన వేళ

సాయంత్రం ఆరు దాటితే మా ఇంట్లో లైటు వెయ్యకూడదని రూలు పెట్టి అప్పటికి ఇరవై రోజులైంది. టీవీ లేదు, ఫోను లేదు. మా అమ్మాయి సహన హోంవర్కు వంకతో పక్కింటికి పారిపోయేది. మా అమ్మా నేనూ చీకట్లో కంచాలు తడుముకుంటూ తినేవాళ్లం. నా భార్య శివలీల మాత్రం పట్టపగలు తిరిగినట్టే తిరుగుతూ వడ్డించేది.

"కర్యాపాకు కంచం అంచుకు వచ్చింది. తీసెయ్, గొంతుల పడుతది," అనేది నాతో.

నాకు కంచమే కనబడదు. ఆమెకు అందులో కరివేపాకు కనబడేది.

"ఇదేం గుడ్డి సంసారంరా నాయనా," అని గొణిగేది మా అమ్మ. "సచ్చినోళ్ల ఇంట్ల గూడ దీపం పెడ్తరు."

ఆ మాట వినగానే నేను ముద్ద కంచంలో వదిలేసి కూర్చునేవాణ్ణి. ముందే చెప్తున్నాను, నేను పుట్టు పిరికివాణ్ణి. పిల్లి ఎదురొస్తే ఆగుతాను, బల్లి అరిస్తే ఆగుతాను. సహన పుట్టినప్పుడు ఆసుపత్రిలో స్పృహ తప్పింది నాకు, శివలీలకు కాదు.

మా ఇద్దరి ఉద్యోగాలూ జహీరాబాద్ అవతల ఎర్రమట్టి మైదానంలో ఉన్న బెలూన్ కేంద్రంలో. బెలూన్ అంటే జాతరలో అమ్మేది కాదు. ఉల్లిపొర లాంటి పాలిథిన్‌తో కుట్టిన సంచి. పైకి పోయేకొద్దీ ఉబ్బి ఊరి చెరువంత అవుతుంది. దాని కింద దుర్భిణి కట్టి ముప్పై ఆరు కిలోమీటర్ల ఎత్తుకు పంపుతాం. ఆ పొరలో సూదిమొనంత రంధ్రం ఉన్నా అంతా మట్టిపాలే. అందుకని చీకటి హాల్లో అద్దాల బల్ల కింద దీపం పెట్టి, పొరను మెల్లగా జరుపుతూ రంధ్రాలు వెతుకుతారు కొందరు ఆడవాళ్లు. శివలీల పద్నాలుగేళ్లుగా ఆ పని చేస్తోంది. నాది తాళ్లు కట్టే పని.

ఇంత ఎత్తుకు ఎందుకు పంపుతామంటే, అక్కడికి పోతే తప్ప గామా విస్ఫోటాలు కనబడవు. ఎక్కడో ఊహకందనంత దూరంలో పెద్ద నక్షత్రం ఒకటి తనలోకి తాను కూలిపోతూ కొద్ది క్షణాలు గామా కిరణాలు చిమ్ముతుంది. మన గాలి దుప్పటిలా అడ్డం పడి వాటిని నేల దాకా రానివ్వదు. దుప్పటి పలచబడే చోటికి మా బెలూన్ పోతుంది. నాకు తెలిసిన సైన్సు ఇంతే. పద్దెనిమిదేళ్లు ఇది చాలింది నాకు.

తర్వాత డాక్టర్ ఇందుమతి గారు వచ్చారు. కాకినాడ మనిషి, నలభై దాటలేదు. టీ తాగడం మర్చిపోయి కప్పు చేతిలో పట్టుకుని తిరిగే రకం. ఆమె ఒక స్ఫటికం తయారుచేశారు. గుప్పెట్లో పట్టేంత రాయి, బియ్యం కడిగిన నీళ్ల రంగు. దానికి చంద్రకాంతం అని పేరు పెట్టారు.

"నక్షత్రం కూలే ముందు సన్నటి కణాల వాన ఒకటి బయల్దేరుతుంది సంగప్ప గారూ," అని చెప్పారు నాతో. "దానికి గోడలూ అడ్డం కావు, కొండలూ అడ్డం కావు. కిరణాల కన్నా ముందే వచ్చేస్తుంది. అది తగిలితే ఈ రాయి వెలుగుతుంది. పిడుగు పడబోతోందని ముందే కబురు అందినట్టు అన్నమాట."

"ఎంత ముందుగాల మేడం?"

"అదే తేలాలి."

ఆ రాయి మహా పెంకిది. నేల మీద గాలిలో పుట్టే చిల్లర మెరుపుల రొదలో దాని వెలుగు కనబడదు. పైకి పంపితే పక్కన కరెంటు పరికరం ఏదున్నా మసకబారిపోతుంది. అందుకని ఇందుమతి గారు పాతకాలపు పద్ధతి పట్టారు. సీసపు పెట్టెలో రాయి, దాని ముందు ఫిల్ము చుట్ట, ఆ చుట్టను జరపడానికి తాళం చెవి తిప్పితే నడిచే గడియారం. పెట్టెకు ఎర్ర రిబ్బను కట్టిన పిన్ను ఒకటి ఉంటుంది. అది లాగితే గడియారం కదులుతుంది, ఫిల్ము జరుగుతుంది. ఆ పిన్ను లాగే పని నాది.

ఇక్కడ మా ఆనవాయితీ గురించి చెప్పాలి. బెలూన్ లేపే రోజు మేం కొబ్బరికాయ కొడతాం. అది మా పాత ఆఫీసరు గఫూర్ సాబ్ పెట్టిన పద్ధతి. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, అయినా మా బస్వయ్య అయ్యగారిని పిలిపించి ముహూర్తం రాయించేవాడు. "గాలికి నీ మతం నా మతం ఉంటదారా సంగప్పా, కొట్టు కాయ," అనేవాడు. కాయ పగలగానే, "ఇగ పిన్ను గుంజు, మళ్ల మర్చిపోతవ్" అని పక్కనే నిలబడి లాగించేవాడు. పాత పెట్టెల్లో రేడియో ఉండేది, టైము నేరుగా కిందికి వచ్చేది. పిన్ను ఎప్పుడు లాగినా ఎవరికీ పట్టేది కాదు. సాబ్ రిటైరయ్యాడు, కాలం చేశాడు. కాయ పగిలితే నా చెయ్యి పిన్ను మీదికి పోవడం మాత్రం మిగిలింది.

నవంబరులో చంద్రకాంతం మొదటిసారి ఎగిరింది. ముహూర్తం ఆరూ పదికి. శివలీల పళ్లెం పట్టుకుంటే నేను కాయ కొట్టాను, పిన్ను లాగాను. అందరం ఫోటో దిగాం. అప్పుడు గాలి లేచింది. ఆగింది. మళ్లీ లేచింది. బెలూన్ నేల విడిచేసరికి ఏడూ రెండు. రిజిస్టరులో ఏడూ రెండు అని రాశారు.

ఆ రోజే ఒక విస్ఫోటం వచ్చిందని ఉపగ్రహాలు పట్టుకున్నాయి. మూడు రోజులకు పెట్టె దొరికితే, ఫిల్ము మీద బూడిద రాసినట్టు సన్నటి మరక ఉంది. ఇందుమతి గారు రిజిస్టరు ముందు పెట్టుకుని లెక్క కట్టారు. రాయి వెలిగిన గంటా ముప్పై నిమిషాలకు విస్ఫోటం వచ్చిందని తేల్చారు. మా రేకుల షెడ్డులో చిన్నపిల్లలా గెంతారు. ఆ లెక్క ఎక్కణ్ణించి మొదలుపెట్టారో నేను అడగలేదు. తాళ్లు కట్టేవాడు సైంటిస్టును లెక్క అడుగుతాడా? ఆమె మైదానంలో లేరు, షెడ్డులో ఉన్నారు. పుస్తకంలో రాసిన పద్ధతి ప్రకారం నేను బెలూన్ వదిలేటప్పుడే పిన్ను లాగి ఉంటానని అనుకున్నారు.

ఆ తర్వాత రెండు సార్లు పంపితే మరకే రాలేదు. ఫిల్ము కిందికి వచ్చాక చూసి లాభం లేదు, వెలిగిన క్షణంలోనే తెలియాలి అన్నారు ఆమె. కెమెరా పనికిరాదు. మిగిలింది మనిషి కన్ను. కేంద్రంలో అందరినీ చీకటి గదిలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టారు. మేమెవరం చూడలేని వెలుగు శివలీల చూసింది. ఒకసారి కాదు, నలభై సార్లకు నలభై సార్లు. మనిషి కూడా నలభై ఎనిమిది కిలోలే.

గింజలు పోసుకునే గుమ్మిలా గుండ్రంగా ఉండే గదిలో ఆమెను కూర్చోబెట్టి పంపాలని నిర్ణయమైంది. మేం దాన్ని గుమ్మి అనే పిలిచేవాళ్లం. ఆరు వారాలు శిక్షణ ఇచ్చారు. ఆఖరి మూడు వారాలు కళ్లు చీకటికి అలవాటు పడాలని మా ఇంట్లో దీపాలార్పేశారు.

"ఒద్దని చెప్పరాదే," అన్నాను ఒక సాయంత్రం, కంచం ముందు కూర్చుని.

"ఎందుకు జెప్పాలె?"

"నాకు బుగులైతున్నది."

"నీకు ఎప్పుడు గాదు?" అని నవ్వింది. "పద్నాలుగేండ్లు తల వంచుకొని బొక్కలు ఎతికిన సంగప్పా. ఒక్కసారి ఆ సంచి ఏడికి పోతదో నేను గూడ చూసొస్త."

ఆ నవ్వు వినబడింది కానీ మొహం కనబడలేదు. నా మొహం ఆమెకు కనబడుతూనే ఉంటుందని నాకు అప్పుడు తట్టలేదు.

ఫిబ్రవరిలో, పెసర గింజ కూడా కదలనంత గాలి లేని ఒక పొద్దున, ఏడున్నరకు బెలూన్ లేచింది. కాయ నేనే కొట్టాను. లాగడానికి ఈసారి పిన్ను లేదు. గుమ్మి తలుపు మూసేముందు ఆమె నల్లద్దాలు పెట్టుకుని, "పెరుగు బయటనే ఉన్నది, ఫ్రిజ్జుల పెట్టమని అమ్మకు చెప్పు," అంది. పొరపాటున కూడా వేరే మాట అనలేదు.

గుమ్మిలో రేడియోకు కూడా ఆ రాయి మసకబారుతుంది. అందుకని ప్రతి పావుగంటకు రెండు నిమిషాలు మాత్రమే రేడియో వెయ్యాలి. పది గంటలకు ముప్పై ఆరు కిలోమీటర్ల దగ్గర ఉన్నానని చెప్పింది. "చలి బాగున్నది. ఏం కనబడ్తలేదు. మంచిగున్న," అంది. నేను పెరుగు సంగతి ఇంటికి ఫోన్ చేసి చెప్పి వచ్చాను.

పదీ అయిదుకు, టైము కాని టైములో, రేడియో పలికింది.

"మేడం," అంది శివలీల. గొంతు మామూలుగానే ఉంది, కానీ మాటలు గబగబా పడుతున్నాయి. "వెలిగింది. చానా వెలిగింది."

ఇందుమతి గారు మైకు అందుకున్నారు. "సన్నగానా? ఎలా ఉంది? మసగ్గా కనబడిందా?"

"మసక ఏంది మేడం! నా అరచేయి గీతలు కనబడుతున్నయి. గోడ మీద అక్షరాలు కనబడుతున్నయి. కండ్లు మండుతున్నయి."

ఇందుమతి గారి చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. నవంబరులో అదే రాయి ఫిల్ము మీద బూడిదంత మరక పెట్టింది. ఇప్పుడు గది నిండా వెలుగంటే ఏమిటో ఆమె మొహం చూస్తే నాకే అర్థమైంది. ఆమె మా డైరెక్టరు చలపతిరావు గారి వైపు తిరిగారు.

"దగ్గరి నక్షత్రమండీ. మన పాలపుంతలోదే. ఆవిడ నెత్తి మీద గాలి లేదు. ఆ ఎత్తులో గామా కిరణాలు సూటిగా ఆవిడ మీదే పడతాయి. వెంటనే దించండి."

"మనకు?" అన్నారు చలపతిరావు గారు.

"మనకు గాలి అడ్డం ఉంది. ఆవిడకు లేదు."

స్టూలు దొరికితే కూర్చున్నాను.

"పన్నెండు కిలోమీటర్లకు వస్తే చాలు," ఇందుమతి గారు కాగితం మీద గీస్తూ అన్నారు. "గంటన్నర టైముంది. పదకొండూ ముప్పై అయిదు. ఈలోపు వచ్చేస్తుంది."

శివలీల కవాటం తెరిచి గ్యాసు వదలడం మొదలుపెట్టింది. పావుగంటకోసారి ఎత్తు చెప్పేది. ముప్పై రెండు. ఇరవై ఏడు. ఇరవై మూడు. ప్రతి అంకెకూ మధ్య ఆ పావుగంట ఎలా గడిచిందో నేను చెప్పలేను. మా ఊరి వీరభద్రుడికి మొక్కాను. గఫూర్ సాబ్‌ను తలుచుకున్నాను. చివరికి ఇందుమతి గారి టీ కప్పుకు కూడా మొక్కి ఉంటాను. పదకొండున్నరకు "పన్నెండుకు వచ్చిన" అని వినబడగానే నాకు ఏడుపొచ్చింది.

పదకొండూ ముప్పై అయిదుకు అందరం గోడ గడియారం వైపు చూస్తున్నాం. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ఏమీ లేదు. ఉపగ్రహాల తెరల మీద గీత కదల్లేదు. ఎవరో ఊపిరి వదిలారు. ఎవరో నవ్వారు. ముప్పై ఎనిమిదికి చలపతిరావు గారు నా భుజం తట్టారు.

"నీ కొబ్బరికాయ మహిమయ్యా సంగప్పా! గండం గట్టెక్కింది."

కొబ్బరికాయ.

ఆ మాటతో నవంబరు పొద్దున మొత్తం కళ్లముందుకు వచ్చింది. శివలీల చేతిలో పళ్లెం, పగిలిన కాయ, నా చేతిలో ఎర్ర రిబ్బను. ఆ తర్వాత లేచిన గాలి. ఆరూ పది. ఏడూ రెండు. నాకు లెక్కలు రావు, కానీ యాభై రెండు నిమిషాలు లెక్కపెట్టడం వచ్చు. ఆ గడియారం బెలూన్ కన్నా యాభై రెండు నిమిషాలు ముందే నడవడం మొదలుపెట్టింది. అంటే ఆ రోజు రాయి వీళ్లు అనుకున్న దానికంటే యాభై రెండు నిమిషాలు ముందే వెలిగింది. అంటే గడువు గంటన్నర కాదు. రెండు గంటల ఇరవై రెండు నిమిషాలు. ఇవాళ అది వచ్చేది పదకొండూ ముప్పై అయిదుకు కాదు, పన్నెండూ ఇరవై ఏడుకు.

అప్పుడే లేచి చెప్పాలి. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. చెబితే, పుస్తకంలో ఉన్న పద్ధతి వదిలేసి ఇన్నేళ్లు ఇష్టం వచ్చినట్టు పిన్ను లాగానని బయటపడుతుంది. ఎంక్వయిరీ వస్తుంది. ఉద్యోగం పోతుంది. అయినా ఆమె ఎలాగూ పన్నెండు కిలోమీటర్ల దగ్గరే ఉంది కదా, అక్కడ భయం లేదని మేడమే చెప్పింది కదా. దానంతట అదే వచ్చి పోతుంది, తర్వాత మెల్లగా చెప్పవచ్చు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

పది నిమిషాలకు రాడార్ దగ్గరి మనిషి వచ్చాడు. పన్నెండు కిలోమీటర్ల దగ్గర పడమటి గాలి జోరుగా ఉంది, గుమ్మిని హైదరాబాద్ వైపు తోసుకుపోతోంది, విమానాల దారిలోకి వస్తోంది అన్నాడు. చలపతిరావు గారు క్షణం ఆలోచించారు.

"ఎలాగూ తప్పుడు కబురేగా. బరువులు వదిలి మళ్లీ పైకి పొమ్మనండి. పైగాలి వెనక్కి తెస్తుంది."

ఇందుమతి గారు పెదవి కొరుక్కుంటూ తలూపారు. పదకొండూ యాభైకి, రేడియో వేళ కాకపోయినా ఆమె తెరిచే ఉంచిందేమో, శివలీల సరేనని రేడియో మళ్లీ ఆపేసింది. ఇనుప గుళ్లు వదిలింది. గుమ్మి మళ్లీ లేచింది.

నేను నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. లేచి బయటికి నడిచాను. కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. ఒకవేళ నేనే తప్పు గుర్తుపెట్టుకున్నానేమో అని ఆశ పుట్టింది. స్టోరుకు పోయి రిజిస్టరు తీశాను. అందులో ఏడూ రెండు అని మాత్రమే ఉంది. ఆ అంకె చూసి సంతోషించాను కూడా, సిగ్గు లేకుండా. అప్పుడు ఫోటో గుర్తొచ్చింది. ఫోనులో వెతికాను. వందల ఫోటోలు, సహన పుట్టినరోజు, మేనమామ కొడుకు పెళ్లి, ఎవరిదో ట్రాక్టరు. దొరికింది. మధ్యలో నేను పళ్లికిలించి నిలబడ్డాను. చేతిలో ఎర్ర రిబ్బను పిన్ను. పక్కన శివలీల, పళ్లెంలో రెండు చిప్పలు. వెనక బెలూన్ ఇంకా నేల మీద పడుకునే ఉంది. ఫోటో కింద టైము ఆరూ పదకొండు.

షెడ్డులోకి పరుగెత్తాను. గోడ గడియారం పన్నెండూ పదమూడు చూపించింది.

"మేడం, కాయ కొట్టినప్పుడే పిన్ను గుంజిన," అన్నాను. ఫోను ఆమె మొహం ముందు పెట్టాను. "బెలూన్ ఇడిసినప్పుడు గాదు. కాయ కొట్టినప్పుడు. సూడుండ్రి. ఆరు పదకొండు."

ఆమె ఫోటో చూశారు. ఒక్క క్షణం. గోడ గడియారం చూశారు.

"పన్నెండూ ఇరవై ఏడు," అన్నారు.

"ఏమిటి?" అన్నారు చలపతిరావు గారు. "ఏమిటయ్యా ఇది? నిజమేనా? ఇంకెవరైనా చూశారా?"

"ఆవిడ చూసింది," అన్నారు ఇందుమతి గారు. "పళ్లెం పట్టుకుంది ఆవిడే." మైకు నా చేతిలో పెట్టారు. "మీరు చెప్పండి. మేం చెబితే రెండు నిమిషాలూ ప్రశ్నలకే పోతాయి."

పన్నెండుంబావుకు రేడియో పలికింది. "పందొమ్మిదిన్నర మీద ఉన్న," అంది శివలీల.

"లీలా," అన్నాను. "నవంబర్ల కాయ కొట్టినం గదా. పిన్ను అప్పుడే గుంజిన. బెలూన్ తర్వాత లేసింది, గాలి లేసినంక. యాదికున్నదా?"

ఆమె లెక్క కడుతోందని నాకు తెలుసు. రంధ్రం దొరికినప్పుడు కూడా అలాగే మాట్లాడకుండా ఉంటుంది.

"యాభై నిమిషాలు," అంది.

"యాభై రెండు."

"అంటే ఇగ వస్తది."

"పన్నెండు ఇరవై ఏడుకు. తాడు తెంపుకో లీలా. గొడుగు ఇప్పుకొని దిగు."

ఆమె ఎందుకు అని అడగలేదు. ఇప్పుడెందుకు చెప్తున్నావనీ అడగలేదు. "రేడియో బంద్ చేస్తున్న, రెండు చేతులు గావాలె," అంది. బంద్ చేసింది.

గుమ్మిని బెలూన్ నుంచి తెంపి గొడుగు మీద, అంటే పారాచూట్ మీద, దిగాలంటే ముందు సూటు బిగించుకోవాలి, పట్టీలు కట్టుకోవాలి, గాలి సరిచూసుకోవాలి. పద్ధతి ప్రకారం పన్నెండు నిమిషాల పని. రాడార్ తెర మీద చుక్క పైకే పోతోంది. ఇరవై. ఇరవై ఒకటి. ఇందుమతి గారు నా మణికట్టు పట్టుకున్నారు, గోళ్లు దిగాయి. ఇరవై రెండు. పన్నెండూ ఇరవై నాలుగుకు చుక్క రెండు చుక్కలైంది. ఒకటి పైకి ఎగిరిపోయింది, రెండోది కిందికి పడుతోంది.

నేను షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డాను. లోపల ఉండి అంకెలు వినే ధైర్యం లేదు. మిట్టమధ్యాహ్నం. నా నీడ కాళ్ల దగ్గర పొట్టిగా పడి ఉంది. కందిచేలో ఎవరో ట్రాక్టరు నడుపుతున్నారు. చూస్తుండగానే ఎర్రమట్టి మీద నాకు ఇంకో నీడ మొలిచింది. మొదటిదానికి అడ్డంగా, తూర్పు వైపు, పల్చగా, నీలంగా. నాకూ రెండు నీడలు, షెడ్డుకూ రెండు నీడలు, మైదానంలో ఉన్న ప్రతి రాయికీ రెండు నీడలు. చప్పుడు లేదు, వేడి లేదు. పది లెక్కపెట్టేంతసేపు ఉండి పోయింది. ట్రాక్టరు ఆగిపోయింది. నేను మట్టిలో కూర్చుండిపోయి గట్టిగా ఏడ్చాను.

లోపలి నుంచి రాడార్ మనిషి అరిచాడు. "పదిహేడు! పదిహేడు దగ్గర ఉన్నది!"

పన్నెండు కావాలి.

సదాశివపేట ఇవతల చెరకుతోటలో దొరికింది. మా జీపు పోయేసరికి తోట మనుషులు ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తున్నారు. గొడుగు బట్టను అప్పుడే ఇద్దరు మడత పెడుతున్నారు, కుప్ప మీద కప్పుకోవడానికి. నన్ను చూసి, "పెరుగు పెట్టిండ్రా ఫ్రిజ్జుల?" అంది. ఆ తర్వాత పక్కకు తిరిగి వాంతి చేసుకుంది.

ఆమె గుండెల మీద కట్టిన, ఒంటికి తగిలిన కిరణాలను పట్టి చూపే ఫిల్ము నల్లగా మాడినట్టుంది. హైదరాబాద్‌లో డాక్టరు దాన్ని చాలాసేపు చూసి, "ఇప్పుడే ఏమీ చెప్పలేం. నెలనెలా రక్తం చూద్దాం," అన్నాడు. మొదటి నెల తెల్లకణాలు తగ్గాయి. రెండో నెల ఇంకా తగ్గాయి. దువ్వెనకు వచ్చే జుట్టును ఆమె చుట్టచుట్టి కాగితంలో పెట్టి, సహన చూడకుండా పారేసేది.

ఎంక్వయిరీలో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చున్నారు. పిన్ను సంగతి ఎప్పుడు గుర్తొచ్చిందని అడిగారు. "పన్నెండు దాటినంక సార్, ఫోను చూస్తుంటే," అన్నాను. రాసుకున్నారు. నన్నెవరూ ఏమీ అనలేదు. ఉద్యోగం ఉంది. ఇందుమతి గారైతే రెండు చేతులూ పట్టుకుని, "ఆ కాస్త ముందైనా మీకు గుర్తు రాకపోయుంటే ఆవిడ మనకు దక్కేది కాదు," అన్నారు. చంద్రకాంతం సరైన గడువు ఇప్పుడు ప్రపంచమంతా తెలుసు, రెండు గంటల ఇరవై రెండు నిమిషాలు. ఎగిరే మనుషులందరికీ అది ఇక రక్ష. ఇందుమతి గారిని పొగిడిన ప్రతిచోటా నా పేరు కూడా చెప్పారట.

ఇంట్లో దీపాలు ఇంకా వెయ్యడం లేదు. రూలు పోయింది కానీ, వెలుగుకు శివలీల కళ్లు మండుతున్నాయి. పగలు నల్లద్దాలు పెట్టుకుని, మొహం దాకా కొంగు కప్పుకునే తిరిగేది. నాకైతే చీకటే నయమనిపించేది. మూడో నెల రక్తపరీక్ష ముందు రోజు సాయంత్రం, మా అమ్మ వాకిట్లో ఉంది, సహన పక్కింట్లో ఉంది. శివలీల నాకు వడ్డించి ఎదురుగా కూర్చుంది. తాను తినడం లేదు.

"ఒకటి అడుగుత," అంది.

"అడుగు."

"పైకి పొమ్మన్నప్పుడు నువ్వు షెడ్డులనే ఉన్నవు గదా."

"ఉన్న."

"మొదటిసారి ఏం రాలేదని అందరు నవ్వినప్పుడు గూడ ఉన్నవు."

"ఆఁ."

"కాయ సంగతి నీకు ఎప్పుడు యాదికొచ్చింది సంగప్పా?"

పన్నెండు దాటాక అని చెప్పాలి. ఎంక్వయిరీలో చెప్పాను, అమ్మకు చెప్పాను, అంత తడబడకుండా ఇక్కడా చెప్పవచ్చు. చీకటిగా ఉంది. నోరు తెరిచాను కూడా. అప్పుడు తట్టింది, చీకటి నాకు మాత్రమే. ఆమెకు కంచంలో కరివేపాకు కనబడుతుంది. ఈ మూడు నెలలుగా ప్రతి సాయంత్రం నేను కనబడననుకుని పెట్టుకున్న మొహమంతా ఆమె ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంది.

"పదకొండు ముప్పై ఎనిమిదికి," అన్నాను.

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"చెప్పిందెప్పుడు? పన్నెండు పదమూడు," అంది తనకు తానే. "ముప్పై అయిదు నిమిషాలు."

"బుగులైంది లీలా. నౌకరీ పోతదని... నువ్వు కిందనే ఉన్నవు గదా అని..."

కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆమె అడుగులు గోడ వైపు పోయాయి. స్విచ్చు టక్కుమంది.

మూడు నెలల తర్వాత మా వంటింట్లో వెలుగు పడింది. మొదట నాకేమీ కనబడలేదు, కళ్లు చికిలించుకున్నాను. తర్వాత గోడకు ఆనుకుని నిలబడ్డ శివలీల కనబడింది. చెంపలు లోపలికి పోయాయి. పాపిటి వెడల్పై తలమీద చర్మం కనబడుతోంది. వెలుగు మంటకు కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, అయినా మూసుకోవడం లేదు. ఆమెకు భయమంటే తెలియదనుకున్నాను పద్నాలుగేళ్లూ. ఆమె భయపడుతోంది. ప్రతి సాయంత్రం, ఈ చీకట్లో, నాకు అన్నం వడ్డిస్తూ ఆమె ఇలాగే భయపడుతూ ఉండి ఉంటుంది.

నేను తల దించుకోబోయాను.

"దించకు," అంది. "నేను చూసిన గదా రోజు. ఇగ నువ్వు గూడ సూడు."

చూశాను.